ఎగిరిపోయిన రెండు

నీలకంఠం టైపు చేసిన కాగితం కాపీని ఫైల్లో పెట్టబోతూ గౌరీశ్వరి ఆగిపోయింది. ఓడలో వచ్చిన మిషను పెట్టె బరువు ఎనిమిది టన్నులని ఉంది. పొద్దున ఆమె చూసిన, మిషను పంపిన కంపెనీ కాగితంలో ఇరవై ఎనిమిది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. సందేహం లేదు, ఎనిమిదికి ముందున్న రెండు ఎగిరిపోయింది.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. రేవులో సరుకు దింపించే ఓ ప్రైవేటు ఆఫీసులో ఆమె గుమాస్తా. ఆ కాగితం చూసే రేవులో వాళ్లు ఏ క్రేను పెట్టాలో తేల్చుకుంటారు. ఎనిమిదంటే చిన్న క్రేనే పెడతారు.

"నీలకంఠం గారూ, ఇది చూడండి."

నాలిక్కరుచుకుంటాడనుకుంది. అతను తాపీగా చూశాడు.

"ఒక్క అంకె పడనేదు, అంతే కదండీ. సాయంత్రం కొత్తది కొట్టిచ్చేత్తాను."

"సాయంత్రమేంటి? మధ్యాహ్నమే దింపుతున్నారు."

"మేనేజరు గారు సంతకం పెట్టేసినారు. ఆయన్నే అడగండి."

మేనేజరు నరసింహమూర్తి భోజనానికి లేస్తున్నాడు. కాగితాలు ముందు పెడితే కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"పెట్టెని చూస్తే రేవులో వాళ్లకి తెలీదూ? వచ్చాక చూద్దాం," అంటూ వెళ్లిపోయాడు.

రేవుకి ఫోను చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది, మళ్లీ ఎంగేజ్. ఆ తర్వాత లైనే పోయింది. గౌరీశ్వరికి ఒళ్లు మండిపోయింది. కాగితాలు పట్టుకుని రిక్షా ఎక్కేసింది.

గేటు దగ్గర జవాను పాసు అడిగాడు. లేదంది. లోపల మనుషుల ప్రాణాలకి ముప్పు ఉందని చెప్పింది.

"నానేటి సేసేదమ్మా? పాసు నేకపోతే పంపకూడదు," అన్నాడతను.

అతనితో వాదిస్తుండగానే, టీ తాగి లోపలికి పోతున్న కూలీల మేస్త్రీ వరహాలు కనిపించాడు. ఆఫీసుకి వచ్చిపోయే మనిషే.

"వరహాలూ, ఆ పెద్ద పెట్టె ఎత్తేశారా?"

"ఇప్పుడే గొలుసులు కడతన్నారమ్మా. ఏటైనాది?"

"దాని బరువు ఎనిమిది కాదు, ఇరవై ఎనిమిది టన్నులు. ఎత్తనివ్వకు."

వరహాలు మొహంలో రంగు మారింది. "మా బామ్మర్ది అక్కడే ఉన్నాడు," అంటూ పరుగు తీశాడు.

గోడ మీదుగా క్రేను కొమ్ము కనిపిస్తోంది. దాని తాడు మెల్లగా బిగుసుకుంది. గౌరీశ్వరి చూస్తూ నిలబడింది. తాడు ఇంకా బిగిసింది, వణికింది, ఆ తర్వాత వదులై కిందికి వేలాడింది. వరహాలు సమయానికి ఆపించాడన్నమాట.

పెద్ద క్రేను మర్నాటికి గాని దొరకదన్నారు. ఓడ ఆగిపోయింది.

"ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని? నాకు చెప్పాలి గాని," అన్నాడు నరసింహమూర్తి, ఆమె ఆఫీసుకి తిరిగి రాగానే.

"చెప్పానండి. మీరు భోజనానికి వెళ్లారు."

"ఓడ ఆగినందుకు రేపు పైవాళ్లకి ఎవరు సమాధానం చెప్పుకోవాలి?"

అంకె ఎవరు వదిలేశారని మాత్రం ఎవరూ అడగలేదు. పర్మిషన్ లేకుండా సీటు వదిలి వెళ్లినందుకు గౌరీశ్వరికి మెమో ఇచ్చారు. దాన్ని టైపు చేసింది నీలకంఠమే.

"తప్పుల్లేకుండా కొట్టానండి, సూసుకోండి," అన్నాడు, వేళాకోళమేమీ లేకుండానే.

చదివింది. నిజంగానే ఒక్క తప్పూ లేదు. దాంతో ఆమెకి ఇంకా మండింది. 'ఆ పెట్టె దగ్గర మనుషులున్నారు. అందుకే వెళ్లాను. రేపైనా వెళ్తాను' అని కింద రాసి, సంతకం పెట్టి, మేనేజరు బల్ల మీద పడేసి బయటికొచ్చింది.

మద్దిలపాలెం బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి, ఇల్లు చేరేదాకా నిలబడే ఉంది. కోపం మాత్రం దిగలేదు.