ఎవరి చేతిలోనూ లేని మూడు సెకన్లు

ఇరవై రెండేళ్లుగా విమానం నడపడం నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకుని నూట పదకొండు మంది లైసెన్సు తెచ్చుకున్నారు. ఒక్కరికీ చిటికెన వేలు బెణకలేదు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి, నాకేం బెంగ లేదు.

శిక్షణ విమానంలో సీట్లు రెండు, విమానాన్ని తిప్పే స్టిక్‌లూ రెండు. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. అందుకే చేతులు మారేటప్పుడు నోరు తెరిచి చెప్పి తీరాలి. తీసుకునేవాళ్లు ‘నాది’ అనాలి, ఇచ్చేవాళ్లు ‘నీది’ అనాలి. ఆ మాట మరిచిన శిష్యుల్ని ఆ రోజుకి ఇంటికి పంపేసేదాన్ని. మా అన్నయ్య కూతురిని తప్ప.

అది నా వేలు పట్టుకుని నడక నేర్చింది. దాని భుజం కదిలితే చాలు, ఏం చేయబోతోందో నాకు తెలిసిపోతుంది. మా ఇద్దరి మధ్య మాటలెందుకని మానేశాం. తోటి శిక్షకుడు రెండుసార్లు హెచ్చరించాడు. చేసే ప్రతి పనినీ పైకి సణుగుతూ చేస్తాడని ఆయనకు సణుగుడు మాస్టారని పేరు. ‘మీ సణుగుడు మీరు చూసుకోండి’ అని నోరు మూయించాను.

దాని లైసెన్సు పరీక్ష ఇంకో పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం మేం దిగబోతుంటే రన్‌వే మీద పక్కగాలి విసురు విసురుగా కొడుతోంది.

“ఇంకో చుట్టు తిరిగొద్దామా అత్తా?” అంది.

“ఈ మాత్రం గాలికేనా? దించవే.”

నేల ఇంకా రెండు నిలువుల దూరంలో ఉండగా గాలి కుడి రెక్కను ఎత్తేసింది. నేను స్టిక్ మీద చెయ్యి వేశాను. పిల్ల సర్దుకుంటోందనిపించి తీసేశాను. స్టిక్‌లో నా చెయ్యి తెలియగానే అది వదిలేసింది. అది పట్టుకుందని నేను, నేను పట్టుకున్నానని అది. మూడు సెకన్లు విమానం ఎవరి చేతిలోనూ లేదు. ఎడమ చక్రం మీద దభీమని పడి, ఎగిరి, ముక్కుతో నేలను కొట్టింది. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంకరపోయింది, గడ్డిలోకి జారి ఆగాం. ఇంధనం కట్టేసి, స్విచ్చులు ఆపి, పిల్లని బయటికి లాగాను. ఇద్దరికీ ఒక్క గీటు పడలేదు.

మర్నాడు విచారణ అధికారి అడిగాడు. “ఆ సమయంలో విమానం ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనేనండీ. అత్త తప్పేం లేదు,” అనేసింది మా పిల్ల.

ఊరుకుంటే నా పేరు చెక్కుచెదరదు. దానికి మాత్రం ఏడాది దాకా పరీక్ష లేదు. ఒక్క క్షణం ఊరుకున్నాను. ఆ క్షణానికి నన్ను నేను ఇంకా తిట్టుకుంటున్నాను.

“ఎవరి చేతిలోనూ లేదండీ. మాట చెప్పి చెయ్యి మార్చే అలవాటు తప్పించింది నేనే,” అన్నాను. మొత్తం చెప్పేశాను.

ఆరు నెలలు ఎవరికీ నేర్పకూడదన్నాడు. అమ్మాయి మాత్రం ఇంకొకరి దగ్గర సాధన చేసి పరీక్షకు వెళ్లొచ్చట.

బయటికి రాగానే అది నా మీద విరుచుకుపడింది. “ఎందుకు చెప్పావత్తా? ఆ మాటేదో నేను పడేదాన్నిగా!”

“అసలు ఎందుకు వదిలేశావే?”

“నువ్వున్నావుగా! నువ్వు పక్కనుంటే చివర్లో ఎప్పుడూ వదిలేస్తాను. నీకు తెలీదా?”

నాకు తెలీదు. భుజం చూసి అన్నీ చెప్పేస్తానని విర్రవీగిన దాన్ని, నాకు తెలీదు. ఇన్నాళ్లూ అది బ్రహ్మాండంగా దించిందని మురిసిపోయినవాటిలో సగం నేను దించినవే.

తిన్నగా సణుగుడు మాస్టారి దగ్గరికి వెళ్లాను. “తప్పయింది మాస్టారూ. మా పిల్లకు పని వచ్చు, చెయ్యే దొంగది. గాలి ఉన్న రోజే మొదలుపెట్టండి. మీ చెయ్యి మాత్రం వెయ్యకండి.”

“వేస్తే చెప్పే వేస్తాను,” అన్నాడాయన. దెప్పాడు సరే, ఒప్పుకున్నాడు.

పరీక్ష రోజున గాలి ఏమీ మొహమాటపడలేదు. నేను కంచె బయట నిలబడ్డాను. దిగుతుండగా రెక్క పైకి లేచింది. కంచె తీగ పట్టుకుని బిగుసుకుపోయాను. రెక్క కిందికి వచ్చింది. ఒక చక్రం తాకింది, రెండోది తాకింది, ముక్కు నెమ్మదిగా వాలింది.

దిగి పరుగెత్తుకొచ్చింది. “చూశావా అత్తా?”

“చూశాను.”

ఇంత గాలిలో నేను చెయ్యి వేయకుండా అది దించడం చూడటం నాకిదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. నెపం గాలి మీద వేయలేదు.