పంటి బిగువున నాలుగు క్వార్టర్లు

నేను ఒక పళ్ళ తొడుగుని. ఆటగాళ్ళు మౌత్‌గార్డ్ అంటారు. ముక్కు చిట్లించకండి, ఉమ్ములో బతికినా పరువుగానే బతికాను.

విశాఖలో ఆటసామాన్ల కొట్లో వేలాడుతుంటే పైడితల్లి నన్ను కొంది. వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది. ఆమె పళ్ళ వరసే నా రూపమైంది. ఇక నేను ఇంకెవరికీ పనికిరాను.

పైడితల్లి బాస్కెట్‌బాల్ లీగులో విశాఖ జట్టు గార్డు. బంతి చేతికొస్తే ఇక ఆగదు. నోరూ అంతే. ఎవరైనా ఒకటంటే చాలు, నన్ను ఊడబీకి మరీ నాలుగంటుంది. మనుషులు పళ్ళకి తొడుగు కనిపెట్టారు గానీ నాలుకకి కనిపెట్టలేదు పాపం.

ఫైనల్‌లో మొదటి క్వార్టర్లోనే నోరు పారేసుకుని టెక్నికల్ ఫౌల్ తెచ్చుకుంది. ఇంకొక్కటి పడితే ఆట నుంచి గెంటేస్తారు. ఆమె లేకపోతే బంతి నడిపేవాళ్ళే లేరు.

"ఒలే పైడీ, ఇంకోసారి దాన్ని నోట్లోంచి తీసేవంటే బెంచీ కాదు, బస్సే ఎక్కాలి" అంది కోచ్ సరోజిని.

ఈ సంగతి గుంటూరు జట్టు చందనకీ తెలుసు. పైడితల్లిని కాపు కాసేది ఆమే. రెఫరీ చూడనప్పుడు మోచేత్తో డొక్కలో పొడిచేది, చూసినప్పుడు నవ్వేది.

"మీ అమ్మ ఎండుచేపల గంప బయటే పెట్టొచ్చిందా? కంపు ఇక్కడిదాకా కొడతంది."

వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్మే పెంచింది. పైడితల్లి వేలు నా దాకా వచ్చింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. కానీ వేలు వెనక్కెళ్ళింది. నామీద పళ్ళు బిగిశాయి. హమ్మయ్య అనుకున్నాను.

"ఏంటే, నోట్లో నాలుక లేదా?"

మళ్ళీ బిగిశాయి. తిట్టు గొంతులోంచి నా దాకా వచ్చి వెనక్కి పోయేది. జవాబు రాకపోయేసరికి చందనకే పిచ్చెక్కింది. నాలుగో క్వార్టర్లో ఇక ఆరు సెకన్లే ఉన్నాయి, మేం ఒక పాయింటు వెనక. పైడితల్లి బుట్ట మీదికి దూకింది. చందన బంతిని వదిలేసి చేతిమీద ఒక్కటిచ్చింది. ఈల మోగింది. రెండు ఫ్రీ త్రోలు.

మొదటిది రింగు మీద రెండుసార్లు ఎగిరి లోపల పడింది. సమం.

"మీ అమ్మ చూస్తందా?" అని పక్కనుంచి చందన గొణిగింది.

అమ్మ నిజంగానే చూస్తోంది, మూడో వరసలో. అప్పుడు కొరికింది చూడండి పైడితల్లి, కుడి దవడ పన్ను నాలోంచి అవతలికి దిగిపోయింది. బంతి చెయ్యి దాటింది. రింగును తాకనైనా తాకకుండా వలలోకి జారింది. మిగిలిన రెండు సెకన్లలో వాళ్ళు విసిరిన బంతి సగం దారిలోనే పడింది. గెలిచాం. చిల్లి పడిన సంగతే నాకు గుర్తులేదు, అంత సంబరంగా ఉంది.

చందన వచ్చి చెయ్యి కలిపింది. "ఒక్క మాటైనా అన్లేదేంటే?"

పైడితల్లి నన్ను తీసింది. నలభై నిమిషాల సరుకంతా ఇప్పుడు బయటపడుతుందని హడలిపోయాను. ఆమె నన్ను అరచేతిలో పెట్టుకుని, చిల్లి చూపించింది.

"దీన్నడుగు."

చందన ఎర్రబడ్డ మొహంతో ఆ చిల్లి వంక చూసి వెళ్ళిపోయింది.

చిల్లి పడ్డాక ఇక ఆమెకీ పనికిరాను కదా, ఇప్పుడు నేను స్టేడియం వెనక చెత్తడబ్బాలో అరటితొక్కల మధ్య ఉన్నాను. పైడితల్లి ఆ రోజు మింగిన తిట్లన్నీ నాకు తెలుసు. గొప్ప తిట్లు, ఒకటి రెండు అప్పటికప్పుడు పుట్టినవి కూడా. మీరెంత బతిమాలినా చెప్పను.