మిగిలింది తినేదాన్ని

బెష్‌బర్మాక్ కోసం, మాంసం కింద పరిచే పిండిని పెద్ద రేకుగా ఒత్తుతుంటే మా అత్తయ్య వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “కడియం మోచేతిదాకా జారిపోతోంది. ఇవాళ అమ్మాయి తరఫు వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారు? కోడలికి తిండి పెట్టకుండా చంపుతున్నామనుకోరూ?” అనుకోనివ్వండి అనుకున్నాను, మనసులోనే. పైకి మాత్రం “పులుసులో ఉప్పు మీరు చూస్తారా అత్తయ్యా?” అన్నాను. “ఎన్నడూ లేంది నన్ను చూడమంటావేంటే?” అని విసుక్కుంటూ గరిటె అందుకుంది.

నాకు చక్కెర జబ్బు. మా అమ్మ కళ్ళు దీనికే పోయాయి. చివరి రోజుల్లో నా మొహం చేత్తో తడిమి పోల్చుకునేది. అందుకే డాక్టరమ్మ “ఒళ్ళు బాగా తగ్గితే జబ్బు కూడా వెనక్కి తగ్గొచ్చు. కొన్నాళ్ళు నోరు కట్టుకోగలవా?” అంటే ఆలోచించకుండా తలూపాను. ఇప్పుడు రోజూ ఏం తింటున్నావని అడిగింది. పొద్దున లేచింది మొదలు వండేదాన్ని, ఏం తింటున్నానో మాత్రం గబుక్కున చెప్పలేకపోయాను. “మిగిలింది” అన్నాను. ఆవిడ నవ్వలేదు. తనూ ఒకింటి కోడలే కదా.

పెద్దల పళ్ళెంలో మిగిలిన సర్కిత్ తింటే కోడలికి దీవెన అంటారు. పెళ్ళయి ఈ తరాజ్ ఊరికి వచ్చినప్పటినుంచీ ఆ దీవెనలన్నీ నా నడుం చుట్టూనే పేరుకున్నాయి. చల్లారి గడ్డకట్టిన కొవ్వు, నానిపోయిన పిండిరేకులు, పిల్లలు సగం కొరికి వదిలేసిన, నూనెలో వేయించిన బౌర్సాక్ ఉండలు. పారేస్తే పాపం, కుక్కకి పెడితే తప్పు, నాకు పెడితే గౌరవం. నాకంటూ ఒక పళ్ళెం పెట్టుకుని, కూర్చుని, ఇంత తిన్నాను అని చెప్పుకునే తిండి నేను ఎప్పుడూ తినలేదు.

ఇప్పుడు నాకొక గిన్నె ఉంది. అందులో క్యాబేజీ సూపు, ఒక గుడ్డు, కాస్త పుల్లటి కేఫిర్ మజ్జిగ. మొదట్లో కళ్ళు బైర్లు కమ్మేవి. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో బీరువా పట్టుకుని నిలబడితే మా పై అధికారి “ఈ వయసులో ఎవరికోసం, బగిలా, ఈ సన్నబడటం?” అని కన్నుగీటాడు. ఇంటికొస్తే మా ఆయన తొలెగెన్. “మాకో వంట, నీకో వంటా? భలే ఓపిక!” అంటాడు. రెండు వంటలూ చేసేది నేను, అలిసిపోయేది ఆయన! నిజం చెప్పాలంటే ఆకలి నన్ను అంతగా బాధపెట్టలేదు. ఎందుకు తినవో చెప్పు, చెప్పు అని ప్రతి పూటా సంజాయిషీ అడుగుతారే, దానికే ప్రాణం విసిగిపోయింది.

పోయిన వారం డాక్టరమ్మ రిపోర్టు చూసి, చక్కెర మామూలుకొచ్చింది, బిళ్ళలు అక్కర్లేదు అంది. పాత తిండికి వెళ్ళావంటే మళ్ళీ వస్తుందని కూడా అంది. ఆస్పత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. ఇంట్లో చెబితే మా ఆయన “నయమైందిగా, ఇంకేం? ఇక తిను” అన్నాడు.

మధ్యాహ్నం వియ్యాలవారు తృప్తిగా తిన్నారు. అప్పుడు మా మామయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, పళ్ళెంలో మాంసం, గుర్రపు పేగులో మాంసం కూరి చేసిన కాజీ ముక్క, కొవ్వు, పిండిరేకులు కలిపి పెద్ద ముద్ద చేశాడు. “బగిలా, ఇలా రా తల్లీ. ఎండిపోయావు పాపం” అని చెయ్యి చాపాడు. పెద్దాయన చేత్తో పెట్టే ఆసాతూని కాదన్న కోడలు మా వంశంలో లేదు. పైగా ఈ ఇంట్లో నన్ను ఒక్క మాట కూడా అననిది ఆయనే. కరిగిన కొవ్వు ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. ఒక్క ముద్దతో చచ్చిపోను, నాకు తెలుసు. కానీ ఈ ముద్ద మింగితే రేపటినుంచి ప్రతి ముద్దా ఒక్క ముద్దే.

“మామయ్యా, మీ ప్రేమ చాలు. నేను తినను. మా అమ్మలా గుడ్డిదాన్ని కాలేను” అన్నాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “అలాగే తల్లీ” అని మెల్లగా ఆ ముద్ద తొలెగెన్ నోట్లో పెట్టాడు. మా అత్తయ్య మొహం మాడిపోయింది. “పదిమందిలో పెద్దాయన చెయ్యి తోసేశావు. సరే, టీ అయినా పొయ్యవే, ఆ పనికి డాక్టరు అడ్డం చెప్పలేదు కదా!”

టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర కూర్చున్నాను. కప్పులో సగమే పోసి ఇవ్వాలి, అది మర్యాద. ఖాళీ అవగానే కప్పు నా దగ్గరికొస్తుంది, మళ్ళీ సగం. ఇలా సాయంత్రం దాకా సాగుతుంది, కోడలి గొంతులోకి చుక్క దిగదు. నేను మొదటి కప్పు అంచుదాకా పోశాను. రెండోదీ అంతే. అన్నీ అంతే. వియ్యపురాలు తొణుకుతున్న కప్పుని రెండు చేతులా పట్టుకుని బిత్తరపోయింది.

“ఏయ్, నిండా పోస్తున్నావేంటి?” తొలెగెన్ ముద్ద మింగి పళ్ళు కొరికాడు. “చుట్టాల్ని లేచి పొమ్మంటున్నావా?”

“లేదండీ” అన్నాను నా గిన్నె ముందుకు లాక్కుంటూ. “నేను కూర్చుని తినాలి.”