నాలుగు వందల పన్నెండో ఫ్రేము

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి జమున తన కంప్యూటరు డబ్బాను ముందుగదిలో చాప మీద పడుకోబెట్టి పక్కమూత ఊడదీసింది. వారం కింద అది నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్లు ఉబ్బి పగిలి ఉన్నాయి. కొత్త బోర్డు కోసం కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, చివరికి దొరికినదాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని శ్రీరాంపూర్ తెచ్చుకుంది.

జమునకు ఇరవై నాలుగేళ్లు. కరీంనగర్‌లో యానిమేషన్ నేర్చుకుంటోంది. కోర్సు చివర ఒక్కొక్కరూ ఇరవై సెకన్ల చిత్రం సొంతంగా చేసి ఇవ్వాలి. తోటివాళ్లు కోటలూ రాకెట్లూ చేస్తుంటే ఆమె బొగ్గుగని ఎంచుకుంది. గుళాయిలో, అంటే గని లోపలి దారిలో, ఒక మనిషి నడుస్తుంటాడు. అతని కళ్లకు కనిపించేదే మనకూ కనిపిస్తుంది. ఒక మలుపు తిరుగుతాడు. ఎదుట పైకప్పు నుంచి దుమ్ము రాలుతుంది. అంతే కథ. జమున ఎన్నడూ గనిలోకి దిగలేదు. గోడల రంగు, పైకప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టే తీరు, తడి ఎక్కడ మెరుస్తుందో, అన్నీ తండ్రిని అడిగి చేసింది.

తండ్రి రాజేశం చాలా ఏళ్లు గనిలో సర్దారుగా పనిచేసి రిటైరయ్యాడు. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, మనుషులను లోపలికి పోనివ్వాలో వద్దో చెప్పడం అతని పని. ఇంట్లో గని ముచ్చట తీసేవాడు కాదు. బిడ్డ చదువు కోసమని ఈసారి నోరు విప్పాడు.

ఆ రోజు ఇంట్లో ఇద్దరే ఉన్నారు. తల్లి పద్మలత చెల్లెలింటి పెళ్లి పనులకు సిరిసిల్ల పోయింది.

జమున పాత బోర్డును విప్పి తీసింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును గుడ్డతో తుడిచి, దాన్ని కొత్త బోర్డులో మెల్లగా కూర్చోబెట్టింది. బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి పైన ఫ్యాను బిగించింది. మీట నొక్కితే ఫ్యాను తిరిగింది కానీ తెర మీద బొమ్మ రాలేదు. మెమరీ స్టిక్కులు రెండూ పీకి, మళ్లీ గట్టిగా నొక్కింది. ఈసారి తెర వెలిగింది.

"గిప్పుడు దీన్ని ఉరికిస్త బాపు," అంది.

"ఉరికిచ్చుడేంది?"

"చేసినోళ్లు దీన్ని మూడు పాయింట్ ఒకటి గిగాహెర్ట్జ్ వేగం మీద నడువుమని పంపిండ్రు. పాత బోర్డు పెంచనియ్యకపోయేది. గీ బోర్డు పెంచనిస్తది. మూడు పాయింట్ తొమ్మిదికి తీస్కపోత."

"ఓపకపోతే?"

"ఆగిపోతది. మళ్ల తగ్గిస్త. ఫికర్ లేదు."

"ఓపదని తెలిసినంక ముందటికి తోలద్దు బిడ్డా," అన్నాడు రాజేశం. ఆమె పట్టించుకోలేదు. సోమవారం పొద్దున బస్సుకు పోయి చిత్రం ఇవ్వాలి. మొత్తం నాలుగు వందల ఎనభై ఫ్రేములు. పాత బోర్డు పోయేముందు మూడు వందల డెబ్బై ఒకటి పూర్తయ్యాయి. మిగిలినవాటిలో దుమ్ము ఉంది. దుమ్మును లెక్కగట్టడం కంప్యూటరుకు బరువైన పని. చవక ప్రాసెసర్‌తో మామూలు వేగంలో పెడితే తెల్లారేదాకా తేలదు.

వేగం పెంచి పని మొదలుపెట్టింది. ఫ్యాను గట్టిగా మోగింది. చాయ్ తాగి బజారుకు పోదామని లేచిన రాజేశం ఆ చప్పుడు విని నిలబడిపోయాడు. గనిలోకి గాలి తోలే ఫ్యాను కూడా అలాగే ఎడతెగకుండా మోగుతుంది. చెవులు దాన్ని మరిచిపోతాయి, ఆగినప్పుడే గుర్తు చేసుకుంటాయి. అతను తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఒక్కో ఫ్రేము నిమిషమున్నరకు ఒకటి చొప్పున తెర మీద పడుతోంది. మూడు వందల ఎనభై దాటాక మలుపు తిరిగింది. పొడుగాటి చీకటి. దాని చివర, చాలా దూరంలో, ఎడమ పక్కన చిన్న దీపం. తర్వాతి ఫ్రేములో అది వెంట్రుకవాసి పైకి జరిగింది. ఆ తర్వాత మరింత పైకి. కాసేపటికి కిందికి దిగడం మొదలుపెట్టింది. రాజేశం కుర్చీ అంచుకు వచ్చాడు.

నాలుగు వందల పన్నెండో ఫ్రేము సగంలో అంతా నిలిచిపోయింది. మౌసు కదలలేదు. దుమ్ము ఇంకా పూర్తిగా రాలేదు, దీపం మాత్రం కనిపిస్తోంది.

"ఓపలే," అని నాలుక కరుచుకుంది జమున. కంప్యూటరు ఆపి, వేగాన్ని మూడు పాయింట్ ఎనిమిదికి దించి, ఏ తేడా రాకుండా మళ్లీ మలుపు దగ్గర నుంచే మొదలుపెట్టింది. వేడి చూసింది. డెబ్బై ఒక్క డిగ్రీలు. భయపడాల్సినంత లేదు.

దీపం మళ్లీ వచ్చింది. పైకి పోయింది. కిందికి దిగింది.

"గా దీపం ఎవరిది?" రాజేశం గొంతు కొత్తగా ఉంది.

"ఎవరిది కాదు. గుళాయి ఎంత పొడుగున్నదో తెలువాల్నని పెట్టిన."

"ఎందుకు ఊపుతుండు మరి?"

జమున తిరిగి చూసింది. "ఊపుడేంది బాపు? అది కదలదు. నడిచే మనిషి తల ప్రతి అడుగుకు పైకి కిందికి అయితది కద. అందుకే గట్ల కనవడ్తది."

"చంద్రవ్వను కలిసినవా?"

"చంద్రవ్వ ఎవరు?"

అతను మళ్లీ తెర వైపు తిరిగాడు. పది నిమిషాల తర్వాత నాలుగు వందల పన్నెండు వచ్చింది. మళ్లీ అదే చోట, అదే సగంలో, దీపం వెలుగుతుండగా తెర గడ్డకట్టింది. ఒకే చోట రెండుసార్లు ఆగేసరికి జమునకు కూడా వీపు మీద చల్లగా పాకింది. వేగం పెంచినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగాలి కదా అనుకుంది.

"ఇగ దాన్ని పోనియ్యకు బిడ్డా," అన్నాడు రాజేశం. "వాడు గాడనే ఆగిండు."

"ఎవరు బాపు?"

"వెంకటి."

ఆ పేరు ఆ ఇంట్లో జమున ఎన్నడూ వినలేదు. ఇరవై రెండేళ్ల కింద, తనకు రెండేళ్లప్పుడు జరిగిన సంగతి అది.

"నా జట్టులోడు. చంద్రవ్వ పెనిమిటి," అన్నాడు రాజేశం తెర వైపు చూడకుండా. "గా పొద్దు ఎడమ దిక్కు పైకప్పు తట్టిన. బోలుగ మోగింది. అటు పోవద్దని అడ్డం పెట్టాలె. షిఫ్టు అయిపోవస్తుంది, పని కావాలె. 'జర చూసుకుంట పో వెంకటీ' అన్న. నా మాట మీదనే పోయిండు. జరసేపటికి కూలింది. దుమ్ము. ఏం కనవడలే. దుమ్ములకెళ్లి వాని దీపం కనవడ్డది. పైకి, కిందికి. పైకి, కిందికి."

గనిలో మాట వినబడని చోట దీపమే మాట. అడ్డంగా ఊపితే ఆగు. పైకీ కిందికీ ఊపితే రా. అది జమునకు తెలియదు. తండ్రి అప్పుడే చెప్పాడు.

"పోయినవా?"

"ఉరికిన. బయటి దిక్కు."

ఫ్యాను మోగుతూనే ఉంది. అతను చెప్పడం ఆపలేదు, ఆపితే మళ్లీ చెప్పలేననుకున్నాడేమో. పైకి వచ్చాక అధికారులు అడిగారు. భయపడ్డాడు. తను వద్దన్నా వినకుండా పోయిండని చెప్పాడు. ఎటు పోయిండంటే కుడి దిక్కు అన్నాడు. ఎడమ అంటే, తట్టి చూసి కూడా ఎట్లా పోనిచ్చినవని అడుగుతారు. మనుషులు తెల్లారేదాకా కుడి దిక్కు తవ్వారు. వెంకటి మరునాడు ఎడమ దిక్కు దొరికాడు.

"ఎంతసేపటికి పానం పోయిందో ఎవ్వలు చెప్పలే," అన్నాడు రాజేశం. "నేను అడగలే."

జమున తండ్రి పక్కకు పోలేదు. చేయి పట్టుకోలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే తనను భుజం మీద వేసుకుని తిప్పిన మనిషి, ఆ తవ్వే రాత్రంతా ఇంట్లో ఎట్లా కూర్చున్నాడో ఊహించడానికి ప్రయత్నించింది. ఊహకు అందలేదు.

"అవ్వకు తెలుసా?" అని తల్లి గురించి అడిగింది.

"తెల్వదు."

ఆమె తెర వైపు తిరిగింది. ఆగిన ఫ్రేము నుంచే దుమ్ము మొదలవుతుందని అప్పుడు తట్టింది. బరువు హఠాత్తుగా పెరిగేది అక్కడే. పెంచిన వేగానికి సరిపడా కరెంటు ప్రాసెసర్‌కు అందడం లేదు. ఆగడానికి కారణం అది. కారణం తెలిశాక కూడా వీపు మీది చల్లదనం పోలేదు. దీపాన్ని ఎడమ పక్కనే ఎందుకు పెట్టిందో ఆమెకు గుర్తు లేదు.

వోల్టేజిని ఒకటి పాయింట్ మూడు నుంచి ఒకటి పాయింట్ మూడు అయిదుకు పెంచింది.

"దీపం తీసెయ్యాల్నా?"

రాజేశం కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. "ఉంచు. నేను ఈడనే కూసుంట."

నాలుగు వందల పన్నెండు దాటింది. ఆ తర్వాత ఒక్కో ఫ్రేముకు అయిదారు నిమిషాలు పట్టింది. పైనుంచి దుమ్ము తెర దిగుతూ వచ్చింది. దీపం అందులో పసుపుగా, తర్వాత మసకగా, తర్వాత చుక్కగా మారింది. ఇద్దరూ అన్నం తినలేదు. దీపం పూర్తిగా కనిపించకుండా పోయిన ఫ్రేము రాగానే రాజేశం తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజంతా అతని నుంచి వచ్చిన ఏడుపు అదొక్కటే, అది కూడా చప్పుడు లేకుండా.

సోమవారం జమున చిత్రం ఇచ్చి వచ్చింది. పూర్తి చిత్రాన్ని నడిపించి చూసుకోలేదు. అదే సాయంత్రం పద్మలత సిరిసిల్ల నుంచి వచ్చింది. రాజేశం ఆమెకూ చెప్పాడు. ఆమె ఒక్క మాటే అంది: "చంద్రవ్వకు చెప్పకుంట నాకు చెప్పుడేంది?"

మంగళవారం తండ్రీ కూతురూ నిర్మల్‌లో బస్సు మారి ఇచ్చోడ చేరారు. భర్త పోయాక చంద్రవ్వ పుట్టింటి ఊరికే వచ్చేసింది. అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. ఆమె వాకిట్లో సోయా చెరుగుతోంది. తల ఎత్తి గుర్తుపట్టింది.

"రాజేశమన్నా! గిన్నొద్దులకు యాదికొచ్చినమా?"

అతను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. చంద్రవ్వ చేటను కింద పెట్టలేదు, కదిలించనూ లేదు. అంతా విన్నాక అడిగింది.

"దీపం ఎట్ల ఊపిండు?"

గని మనిషి భార్యకు ఆ సైగలు తెలుసు. అడ్డంగా అని చెబితే చాలు, రాజేశాన్ని వెంకటే రావద్దని వారించినట్టు అవుతుంది. జమున తండ్రిని చూసింది.

"పైకి, కిందికి చెల్లె," అన్నాడు రాజేశం. "నన్ను రమ్మన్నడు."

చంద్రవ్వ చేట పక్కన పెట్టింది. "మాట వినక సచ్చిండని నువ్వే చెప్పినవంట. గా మాట మీద ఇరవై రెండేండ్లు గాయిననే తిట్టుకున్న. దినాలు చేసిన పొద్దు గూడ తిట్టిన." కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయి ఫోన్ చేసింది.

అరగంటలో కొడుకు సాగర్ వచ్చాడు. రోడ్డు మీద మోటార్ల రిపేరు దుకాణంలో పనిచేస్తాడు. చేతులకు గ్రీజు ఉంది. తల్లి చెప్పింది విన్నాడు. వచ్చి రాజేశానికి ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడనుకుంది జమున. రాజేశం కూడా అదే అనుకుని ఉంటాడు, కళ్లు మూసుకున్నాడు.

"గిదంత రాసిస్తవా కాకా?" అన్నాడు సాగర్.

"రాసిస్త."

అరుగు మీద కూర్చుని నోటుబుక్కు కాయితాలు రెండు నిండా రాశాడు. సాగర్ తల్లికి చదివి వినిపించాడు. 'నా మాట మీదనే వెంకటి లోపలికి పోయిండు' అన్నచోట ఆమె ఆపింది. "మళ్ల చదువు," అంది. అతను మళ్లీ చదివాడు.

సాగర్ ఆ కాయితాలను గని ఆఫీసులో ఇచ్చాడు. పాత కేసు కాబట్టి ఎవరూ తొందరపడలేదు. రాజేశాన్ని ఇప్పటికి మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ వెళ్లాడు, రాసింది తనేనని చెప్పాడు. మూడోసారి చంద్రవ్వ కూడా వచ్చింది. వరండాలో ఒక్కటే బల్ల ఉంది. ఆమె ఒక చివర, అతను ఇంకో చివర కూర్చున్నారు. లోపల పేరు పిలిచేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.