చేత్తో రెండు చుట్లు

ఆసుపత్రి నర్సమ్మ కారు షెడ్డులోకి వచ్చేసరికి ఇంజను లోపల ఎవరో గుప్పెడు మేకులు పోసి ఆడిస్తున్నట్టు ఒకటే గలగల. మేస్త్రి వింటూనే చెప్పేశాడు, వాల్వుల్ని వేళకు కదిపే టైమింగ్ చైను సాగిపోయిందని. అరిగిపోయిన పళ్ళ చక్రాలతో సహా మార్చాల్సిందే. చెవులకేం, భేషుగ్గా ఉన్నాయి. చిక్కల్లా కళ్ళతోనే. ఆ సంగతి ఏడాదిగా ఎవరి చెవినా పడనివ్వలేదు. చూపు మసకబారిన మేస్త్రి చేతిలో బండి ఎవరు పెడతారు? షెడ్డుకు తాళం వేసి ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

సాయం ఎప్పటిలాగే భార్య. ఇరవై ఏళ్ళుగా సామాన్లు కడిగేదీ పానాలు అందించేదీ ఆవిడే. అడక్కముందే అందిస్తుంది, అందిస్తూ ఓ చురక కూడా వేస్తుంది.

మధ్యాహ్నానికల్లా ఇంజను ముందు మూత ఊడదీసి, పాత చైను లాగేసి, కొత్త చక్రాలు బిగించాడు. అసలు పని అప్పుడు మొదలైంది. కొత్త చైనులో మూడు లింకులకు రంగు వేసి ఉంటుంది. ఒక్కో చక్రం మీద ఒక్కో చుక్క. రంగు లింకు సరిగ్గా ఆ చుక్క దగ్గర కూర్చోవాలి. తప్పిందా, వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను సర్వనాశనం. మేస్త్రి టార్చి దగ్గరికి లాక్కుని, కళ్ళు చికిలించి, గోటితో తడిమి, ఉజ్జాయింపుగా తొడిగేశాడు.

స్టార్టు చేసే ముందు పానా పట్టి రెండు చుట్లు చేత్తో తిప్పి చూడటం ఆయన నియమం. ఎంత తొందరున్నా మానడు. మొదటి చుట్టు సగమైనా కాకుండానే లోపల ఏదో తగిలి పానా ఠక్కున ఆగింది. ఆయన బలవంతం చెయ్యలేదు. చెయ్యి తీసేసి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు కనబడటం లేదే," అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ. "ఈ తీగ పచ్చదా ఎర్రదా అని నన్ను అడగడం మొదలెట్టినప్పుడే తెలుసు."

"తెలిసీ నోరు మెదపలేదా?"

"మీ అంతట మీరే చెబుతారని చూశాను. రెండు చుట్లు తిప్పనిదే తాళం ముట్టుకోరుగా, ఏ బండికీ ఏం కాదులే అనుకున్నా. లేవండి, నేను చూసి చెబుతాను."

ఆయన చైను విప్పాడు. ఆవిడ టార్చి పట్టుకుని తల లోపలికి దూర్చినంత పని చేసింది. "పై చక్రం రెండు పళ్ళు అటు పోయింది. ఇటు తిప్పండి. ఇంకొక్కటి. ఆఁ, కూర్చుంది."

ఈసారి రెండు చుట్లూ ఎక్కడా తగలకుండా తిరిగాయి. మూత బిగించి స్టార్టు చేస్తే ఇంజను బుద్ధిగా నడిచింది.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ఊరుకుంటే గుట్టుగానే గడిచిపోయేది. మేస్త్రి తాళం చేతికిస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అమ్మా, చేతులు నావే గానీ గుర్తులు చూసింది ఈవిడ. నాకు చూపు ఆనడం లేదు. ఇకమీదట బండి ఇక్కడికి తేవాలో వద్దో మీ ఇష్టం."

భార్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేలకేసి చూసింది. నర్సమ్మ ఆయన్ని వెలుతురులోకి తిప్పి రెండు కళ్ళూ పరీక్షగా చూసింది.

"శుక్లాలేమో అనిపిస్తోంది. మంగళవారం మా కళ్ళ డాక్టరుగారు ఉంటారు, చూపిద్దాం. పొద్దున్నే తయారుగా ఉండండి. నేనే వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తాను."

"మీకెందుకమ్మా శ్రమ? బస్సులో వస్తాం."

"బస్సెందుకు, ఈ బండి ఉందిగా," అంటూ నర్సమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది.

మేస్త్రి తలూపాడు.