అరచేతి ఇస్త్రీ

తెల్లారగానే వీధిలో వాళ్లంతా ముడతలు పడ్డ చొక్కాలు చంకన పెట్టుకుని ముసలమ్మ ఇస్త్రీ కొట్టుకు వచ్చేవాళ్లు. కొట్లో ఇస్త్రీపెట్టె లేదు. ముసలమ్మ నీళ్లు చిలకరించి, అరచెయ్యి అదిమి ఒక్క లాగు లాగితే చాలు, మడత నిలబడేది. ఆ వేడి ఆవిడకు తల్లి నుంచి వచ్చింది. ఆవిడ కొడుక్కీ వచ్చింది గానీ, అతని పిల్లలవి మామూలు చేతులే. ముసలమ్మ కూతురు పిచిక్కి వచ్చింది, పిచిక కూతురు పాపకూ వచ్చింది. చలికాలం బళ్లో పిల్లలు పాప చేతులు పట్టుకుని వేళ్లు వెచ్చబెట్టుకున్నాకే అక్షరాలు దిద్దేవాళ్లు.

ఈమధ్య ముసలమ్మ చేతులు చల్లబడ్డాయి. ముందు చొక్కాలు తారుమారయ్యాయి, తర్వాత మనుషులు. ఒకరోజు పిచికనే, "ఏ ఇంటి బట్టలమ్మా నీవి?" అని అడిగింది.

డాక్టరు పిచిక్కి ఓపిగ్గా చెప్పాడు. "మన కణాల్లో చిన్న చిన్న పొయ్యిలుంటాయమ్మా, మైటోకాండ్రియా అంటాం. అవి తల్లి నుంచే వస్తాయి. మీ ఇంటి పొయ్యిల్లో లోపముంది. వయసు మీద పడేకొద్దీ ఆరిపోతాయి. మెదడు ఆకలి పెద్దది, అందుకే ముందు దెబ్బ దానికే."

"నా వేడి అమ్మకివ్వొచ్చా?"

"ఇవ్వొచ్చు. చేతులు పట్టుకుంటే చాలు, ఆరిన పొయ్యే లాక్కుంటుంది. కాసేపే నిలుస్తుంది. మీకు మాత్రం తిరిగి రాదు."

పిచిక వినడానికైతే విన్నది. రోజూ సాయంత్రం అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకునేది. కాసేపటికి ముసలమ్మ కళ్లు విప్పార్చి, "పిచికా! ఇలా చిక్కిపోయావేంటే? తిన్నావా?" అనేది. ఆ పిలుపు కోసం ఏమైపోయినా ఫర్వాలేదనిపించేది పిచిక్కి. ఎవరికుండదు ఆశ?

ఒక సాయంత్రం అలాగే పిలిపించుకుని, కళ్లు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. గుమ్మంలో బడి సంచీతో ఓ పిల్ల నిలబడి ఉంది.

"ఏంటమ్మా, మీ అమ్మ బట్టలు పంపిందా?" అంది నవ్వుతూ.

పాప సంచీ కింద పెట్టింది. రోజూ చూస్తున్నదే కదా, ఏం చెయ్యాలో తెలుసు. ఏడవకుండా వచ్చి తల్లి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

వేడి సర్రున ఎక్కింది. పిచిక్కి పాప గుర్తొచ్చింది, పాప పుట్టిన రోజు కురిసిన వాన గుర్తొచ్చింది. డాక్టరు మాటా గుర్తొచ్చింది. చటుక్కున చేతులు లాక్కుని వెనక్కి దాచేసుకుంది.

"ఇంకెప్పుడూ నా చేతులు పట్టుకోకు. నిన్ను మర్చిపోయినా సరే, పట్టుకోకు."

పాప చాచిన చేతులతో అలాగే నిలబడి ఏడ్చింది. వెనక బల్ల మీద నుంచి ముసలమ్మ, "పాపం, ఎవరి పిల్లో. దగ్గరికి తీసుకోవచ్చు కదమ్మా!" అంది.