వెనక కండ

ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంపను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోరు. ఆడవాళ్లు ఇద్దరిద్దరు జత కడతారు. ఆమె గంప ఈమె లేపితే, ఈమె గంప ఆమె లేపాలి. మా అమ్మ గంగాలమ్మకు పాపాయమ్మ జత.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో అమ్మ ఐసు ముక్కల మీద జారి కుడి మోచేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చేయి సగం వంగే ఉండిపోయింది. పాపాయమ్మ గంప లేపబోతే చెవి దాకా వెళ్లి ఆగిపోయేది.

"పోన్లే వదినా, నీది నానెత్తుతాను కదా. మార్కెట్టుకెల్లు," అంది పాపాయమ్మ.

"నీది నానెత్తలేనప్పుడు నాది నువ్వెత్తడమేటి? నాకొద్దు," అని అమ్మ ఇంటికొచ్చేసింది. పూర్ణా మార్కెట్‌కు వెళ్లడమే మానేసింది.

కండ చూపమంటే మా మగవాళ్లంతా చేతి ముందు వైపే చూపిస్తారు. బలమంటే వాళ్లకు అదే. మావయ్య వీరన్న అమ్మచేత రోజూ ఒక రాయిని భుజం దాకా ఎత్తించాడు. నెల తిరిగేసరికి ముందు కండ గట్టిపడింది. చేయి మాత్రం తిన్నగా సాగలేదు.

నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. మా పుస్తకంలో చేతి బొమ్మ లేదు. అందుకని నా చేతినే చూసుకున్నాను. కుడి మోచేతి పైన దండను ఎడమ చేత్తో పట్టుకుని నీళ్ల చెంబు ఎత్తాను. ముందు కండ బిగిసింది, వెనకది మెత్తగా ఉంది. తలుపు తోశాను. ఈసారి వెనకది బిగిసి ముందుది వదులైంది. కండకు లాగడమే వచ్చు, తోయడం రాదు. చేయి వంచాలంటే ముందుది లాగుతుంది, చాచాలంటే వెనకది లాగుతుంది. తెరచాప కొయ్యకు రెండు పక్కలా కట్టిన తాళ్లలా, ఒకటి బిగిస్తే రెండోది వదలాలి. మేం నెలంతా ఒక్క తాడే బిగించాం.

"మావా, రాయొద్దు. అమ్మ గోడ తొయ్యాల," అన్నాను. ఆయన ముందు నేను నోరు విప్పింది అదే మొదలు.

"గోడ తోత్తే ఇల్లు కూలుద్ది గానీ సెయ్యి బాగవుద్దేటే?" అని నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. నా దండ వెనక చేయి వేసి, "తొయ్యవే నూకాలూ," అంది. నేను తోశాను. ఆమె వేళ్ల కింద కండ లేచింది.

"ఓలమ్మ! ఇదిక్కడుందేటే!"

అప్పటి నుంచి రోజూ రెండు పూటలా గోడ తోసింది. తర్వాత వెల్లకిలా పడుకుని ఖాళీ గంపను పైకి తోసింది. ఆ తర్వాత గంపలో ఇసుక పోయించుకుంది. నొప్పికి పళ్లు కొరుక్కునేది గానీ మానలేదు. నేను పక్కన కూర్చుని, వెనక కండ బిగుస్తోందో లేదో వేలు పెట్టి చూసేదాన్ని.

మూడో నెలలో ఒక పొద్దున అమ్మ హార్బర్‌కు వెళ్లి పాపాయమ్మ నిండు గంపకు చేయి వేసింది. గంప నడుము దాటింది, చెవి దాటింది. మోచేయి ఒక్క క్షణం వణికి, తిన్నగా సాగింది. గంప పాపాయమ్మ నెత్తి మీద కూర్చుంది.

"ఏటొదినా, ఈ బలం ఇన్నాళ్లూ ఎక్కడ దాసేవు?"

"సేతెనకే ఉందే. మా గుంట నూకాలు ఎతికి పెట్టింది," అంది అమ్మ, వేలంపాట దగ్గరున్న వాళ్లకు కూడా వినపడేలా. నేను తల దించుకున్నాను గానీ నవ్వు ఆగలేదు.

అమ్మ గంప కింద పెట్టుకునే చుట్ట కుదురు నెత్తిన సర్దుకుని, ఆ పొద్దున కొన్న చేపలతో నింపిన తన గంప ముందు నిలబడింది.

"సూత్తావేటే? నీది ఓ సేత్తో పట్టుకుని, రెండో సేత్తో నాదెత్తు. రేపు మల్లీ నీది నానెత్తుతాను."